చుక్క మేస్త్రి వెతికిన నీళ్ళు

కారు డిక్కీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఒత్తిగిలి పడుకున్న ఆ మనిషికి యాభై తొమ్మిదేళ్ళు. చేతిలో చిన్న టార్చిలైటు. డిక్కీ మూత మూసి ఉంది. బయట నిలబడి అతని అక్క మగ్గుతో నీళ్ళు పోస్తోంది.

"ఎక్కడ పోస్తున్నావక్కా?" లోపల్నుంచి అడిగాడు.

"నంబరు ప్లేటు మీద."

"పైకి రాకు. అక్కడే పోస్తూ నూరు లెక్కపెట్టు."

"అయిపోయింది నూరు."

"నీ నూరు నాకు తెలుసులే. చిన్నప్పుడు దాగుడుమూతల్లో కూడా ముప్ఫై దాటగానే నూరు అనేదానివి. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టు."

వేరే రోజైతే అక్క నవ్వేది. ఇవాళ నవ్వలేదు. బకెట్టులో మగ్గు ముంచిన చప్పుడు, రేకు మీద నీళ్ళు జారిన చప్పుడు మాత్రం వినిపించాయి. అతను టార్చి వెలుగును మూత అంచు వెంట అంగుళం అంగుళం జరుపుతూ చూశాడు. ఎక్కడా తడి లేదు.

అతన్ని అందరూ చుక్క మేస్త్రి అంటారు. కొత్తవాళ్ళు ఆ పేరు విని, సాయంత్రమైతే చుక్కేసుకునే మనిషి కాబోలనుకుంటారు. పాపం, అతను ఎరిగింది టీచుక్క ఒక్కటే. కార్లలోకి నీళ్ళు ఎటునుంచి కారుతున్నాయో ఆ చుక్కను వెతికి పట్టుకోవడం అతని పని. టింకరింగు షెడ్డులో చేరినప్పుడు అతన్ని చూసి పెద్దమేస్త్రి, "సుత్తి పట్టే ఒళ్ళు కాదురా నీది, డిక్కీలో పట్టే ఒళ్ళు" అన్నాడట. వేళాకోళానికి అన్న ఆ మాటే నలభై ఏళ్ళపాటు అతనికి అన్నం పెట్టింది. పొట్టిగా, బక్కగా ఉండే మనిషి. డిక్కీలో దూరి, మూత వేయించుకుని, బయట నీళ్ళు పోయించి, చీకట్లో మొదటి చుక్క ఎక్కడ మెరుస్తుందా అని కాచుకుని ఉంటాడు.

నీళ్ళు పోయించడంలో అతనికొక పద్ధతి ఉంది. అడుగునుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుంచి పోస్తే నీళ్ళు కిందికి దిగుతూ దారిలో ఉన్న సందులన్నిటినీ పలకరిస్తాయి, దొంగ ఎవరో తేలదు. అడుగునుంచి వస్తే చుక్క పడ్డ చోటే దొంగ దొరుకుతాడు. పని మొదలుపెట్టే ముందు మూత మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అనుకుంటాడు. ఆ మాట అనుకున్నాక అతనికి దొరకని చుక్క లేదని షెడ్డులో చెప్పుకుంటారు.

ఈ కారులో మాత్రం మూడుసార్లు వెతికినా దొరకలేదు. అది అక్కా బావల కారు.

బావ దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను పెట్టుకుని ఆ వీధిలో మూడు తరాల వాళ్ళకు బట్టలు కుట్టాడు. ఏడాదిన్నర కిందట ఆయన మూత్రపిండాలు రెండూ పని మానేశాయి. అప్పట్నుంచి సోమ, బుధ, శుక్రవారాల్లో డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, నాలుగున్నర గంటలసేపు డయాలసిస్ యంత్రం పక్కన కుర్చీలో పడుకుని ఒంట్లో నీళ్ళు తీయించుకోవాలి. ఉదయం ఆరున్నరకు ఆయన వంతు. అక్క అరవై దగ్గరపడ్డాక కారు నడపడం నేర్చుకుంది ఇందుకే.

సోమవారం నాడు సగం దారిలో, వానలో, కారు ఆగిపోయింది. ఆ కారులో పెట్రోలు పంపుకు కరెంటు అందించే చిన్న పెట్టె డిక్కీ అడుగున, స్టెప్నీ చక్రం ఉండే గుంట పక్కన ఉంటుంది. గుంటలో నీళ్ళు చేరి ఆ పెట్టె తడిసింది. అటుగా పోతున్న పాలవ్యాను డ్రైవరు, తన పాలు విరిగిపోతాయేమోనన్న భయం పక్కన పెట్టి, తాడు కట్టి వాళ్ళను ఇంటిదాకా లాక్కొచ్చి దిగబెట్టాడు. దేవుడు ఆయన పాడిని చల్లగా చూడాలి. కానీ ఆ రోజు కుర్చీ తప్పిపోయింది. ఆసుపత్రి నర్సమ్మ ఫోనులో గొంతు తగ్గించి చెప్పింది.

"నేను ఇలా చెప్పకూడదమ్మా. కానీ చెప్తున్నా. మంగళవారం ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు. బుధవారం ఎలాగైనా తీసుకురండి. అది కూడా తప్పితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వస్తాయి. గుండె తట్టుకోదు."

ఇవాళ మంగళవారం. మధ్యాహ్నం రెండు దాటింది.

మొదటి బస్సులో వెళితే చేరేసరికి తొమ్మిదవుతుంది. అద్దెకు కారు తిప్పే ఆయన ఒక్కడే ఉన్నాడు, ఆయన బండి గేరుపెట్టె విప్పి పెట్టి పదిరోజులైంది. అంబులెన్సు వాళ్ళను అడిగితే, ప్రాణం మీదికి వస్తే వస్తాం గాని వారానికి మూడుసార్లు వెళ్ళేవాళ్ళకు రాలేమన్నారు. వాళ్ళను అనడానికీ లేదు, వాళ్ళకున్నది ఒక్క బండే. ఆ పెట్టె కొత్తది తెప్పించాలంటే పదిరోజులు పడుతుంది. పైకి కడదామంటే వైర్లు చాలవు. పాలిథిన్ సంచి చుడితే లోపల చెమట పట్టింది. సోమవారం తడిసిన పెట్టెను ఆరబెడితే మళ్ళీ పలికింది. ఇంకోసారి తడిస్తే పలుకుతుందన్న నమ్మకం చుక్క మేస్త్రికి లేదు.

"తియ్యక్కా," అన్నాడు లోపల్నుంచి.

అక్క మూత ఎత్తింది. నాలుగు చుక్కలు అతని మెడమీద పడ్డాయి. తుడుచుకుని, నడుము పట్టుకుని బయటికి దిగాడు.

కిటికీ దగ్గర కుర్చీలో బావ కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదని నిన్నట్నుంచి కుర్చీలోనే ఉన్నాడు. కాళ్ళు, కళ్ళకింద సంచులు ఉబ్బి ఉన్నాయి.

"ఏరా బావమరిదీ, లోపల పక్క మెత్తగా ఉందా? దుప్పటి పంపించనా?"

"నువ్వు కూడా రా బావా. చోటుంది."

"నేనొస్తే మూత పడదురా. ఈ ఒళ్ళు చూడు, ఒక గలీబులో రెండు దిండ్లు కుక్కినట్టుంది." ఆ కాస్త మాటకే ఆయన ఆగి, రెండుసార్లు గాలి పీల్చుకోవలసి వచ్చింది.

నిన్నట్నుంచి చుక్క మేస్త్రి చెయ్యని ప్రయత్నం లేదు. డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు పట్టీ పాతదైతే మార్చాడు. కాగితం ముక్క పెట్టి మూత వేసి, లాగి చూశాడు. ప్రతిచోటా కాగితం బిగుసుకుని ఆగింది. వెనక లైట్లు ఊడదీసి కొత్త పూత పూశాడు. మొహానికి రాసుకునే పౌడరు డిక్కీ లోపలంతా చల్లాడు, నీళ్ళు వస్తే దారి గీత పడుతుందని. గీత పడలేదు. అయినా మళ్ళీ మూత ఎత్తి, కింద పరిచిన పట్టా తీసి చూస్తే గుంటలో నీళ్ళు.

నిన్న సాయంత్రం పక్కింటి పోస్టు మాస్టారు తన ఇంటిమీద కప్పుకునే టార్పాలిన్ పట్టా తీసుకొచ్చి ఇచ్చాడు. ఆయన పింఛను తీసుకుంటున్న ముసలాయన. "మా ఇంట్లో కారితే నేను మంచం జరుపుకుంటానయ్యా. మీకు జరుపుకునే చోటు లేదుగా" అన్నాడు. ఆ పట్టాతో కారంతా కప్పి, తాళ్ళు కట్టారు. ఒక్క చినుకు పడే సందు లేదు. ఈ పొద్దున మూత ఎత్తి చూస్తే గుంటలో మూడు మగ్గుల నీళ్ళు ఉన్నాయి.

చుక్క మేస్త్రి ఆ నీళ్ళను తోడి పారబోశాడు. పైనుంచి వాన రాలేదు. కిందనుంచి వచ్చే దారి లేదు. మరి నీళ్ళు ఎక్కడివి? నలభై ఏళ్ళ పని మొత్తం ఎవరో తుడిచేసినట్టయింది. తన కళ్ళు పోయాయా, బుద్ధి పోయిందా అని భయం పట్టుకుంది. ఆ భయాన్ని అక్క ముందు పెట్టడం ఇష్టంలేక, కారును వెనక్కి తిప్పి ఇంటిముందు రేకుల పందిరి కింద డిక్కీ ఉండేలా నిలిపి, పొద్దున్నుంచి అక్క చేత నీళ్ళు పోయిస్తూనే ఉన్నాడు.

"మళ్ళీ ఎక్కుతా. ఈసారి అద్దం దగ్గర్నుంచి," అన్నాడు.

అక్క బకెట్టు కింద పెట్టి మెట్టుమీద కూర్చుంది. ఆమె చేతులు నీళ్ళకు నాని, వేళ్ళ చివర్లు ముడతలు పడ్డాయి.

"తమ్ముడూ, నీకు దొరకదనిపిస్తే ఇప్పుడే చెప్పరా. నేనేం అనుకోను. పొద్దు ఉండగానే ఇంకో దారి చూసుకుంటా."

"ఇంకో దారి ఏముందే?"

"ఏముంది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పెద్దరోడ్డు దాకా తోసుకెళ్తా. ఏ లారీ అయినా ఆగకపోతుందా."

"ఈ వానలోనా? కూర్చుని ఉంటేనే ఆయనకు ఊపిరి అందట్లేదు."

"తెలుసురా. తెలిసే అంటున్నా." కిటికీలోకి వినపడకుండా అంది. "నిన్న పొద్దున మూడు గ్లాసుల నీళ్ళు కొలిచిచ్చాను రోజు మొత్తానికి. సాయంత్రం చూస్తే ఒక గ్లాసు అలాగే ఉంది. ఎందుకు తాగలేదండీ అంటే, ఎల్లుండికైనా కుర్చీ దొరుకుతుందో లేదో, పొదుపు చేస్తున్నా అన్నారు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. ఆ మనిషి ముందు నేను పొద్దున్నుంచి బకెట్లు బకెట్లు నీళ్ళు పారబోస్తున్నా."

అతను మళ్ళీ డిక్కీలోకి ఎక్కి, "మూత వెయ్యి" అన్నాడు.

"పోయనా?"

"వద్దు. పిలుస్తా."

చీకట్లో టార్చి కూడా వెలిగించలేదు. చూడటానికి ఏమీ లేదు. అక్కకు కనపడకుండా కాసేపు ఉండాలని ఎక్కాడంతే. కళ్ళవెంట నీళ్ళు కారి చెవిలోకి పోతుంటే తుడుచుకోలేదు. అతను ప్రార్థనలు నేర్చుకున్న మనిషి కాదు. పల్లెబడిలో ఐదు చదివి, పొద్దున్నే మొహం కడుక్కుని తూర్పుకు తిరిగి రెండు మాటలు చెప్పుకోవడం మాత్రం అలవాటు. ఆ రెండు మాటలే ఇప్పుడు మార్చి చెప్పుకున్నాడు. "స్వామీ, నాకు చూపించకపోయినా సరే. నా పేరు పోయినా సరే. ఇంకెవరికైనా చూపించు. మా అక్క మొహం చూసైనా ఎవరో ఒకరికి చూపించు."

ఎంతసేపు అలా ఉన్నాడో. అరగంట దాటి ఉంటుంది. బయట అక్కకు తమ్ముడి దగ్గు వినిపించింది. పొద్దున్నుంచి తడి రేకుల మధ్య నలుగుతున్నాడు, మూత ఎత్తినప్పుడల్లా మెడమీద నీళ్ళు పడుతున్నాయి, రేపు వీడికి కూడా జ్వరం వస్తే ఎలా అనుకుంది. లేచి, దండెం మీది పొడి తువ్వాలు తెచ్చి, మూతను పైనుంచి అంచులదాకా ఒత్తి తుడిచింది. రేకు పొడిగా అయ్యేదాకా తుడిచి, అప్పుడు ఎత్తింది.

నాలుగు చుక్కలు అతని మెడమీద పడ్డాయి.

చుక్క మేస్త్రి కదల్లేదు.

"దిగరా, టీ తాగుదువుగాని," అంది అక్క.

"మూత తుడిచావా?"

"తుడిచాను. ఏం, తుడవకూడదా?"

"అంచులు కూడానా?"

"పట్టి చూసుకో. నువ్వు తడుస్తున్నావనే కదా."

చెయ్యి చాపి పట్టి చూశాడు. మూత అంచు పొడిగా ఉంది. ఆమె నీళ్ళు పోయడం ఆపి అరగంటైంది. అయినా అతని మెడ తడిసింది. అంటే ఇంతకాలం అతను తుడిచి పారేసిన ఆ నాలుగు చుక్కలు మూత బయటివి కావు, మూత లోపలివి.

గబగబా దిగి, మూతను దించి, వేళ్ళ కణుపులతో తట్టాడు. పైభాగంలో డబ్బా మోగినట్టు మోగింది. కింద అంచు దగ్గర నిండుకుండను తట్టినట్టు మొద్దుగా పలికింది. డిక్కీ మూత అంటే ఒక్క రేకు కాదు. రెండు రేకుల మధ్య ఖాళీ ఉంటుంది. లైట్ల పక్కనుంచో ఎక్కడినుంచో కాస్త నీరు ఆ ఖాళీలోకి దిగడం మామూలే. అవి బయటికి పోవడానికే అడుగు అంచున మూడు చిన్న కన్నాలు పెడతారు. పోనప్పుడు అక్కడే చేరి ఉంటాయి. మూత ఎత్తగానే వెనక్కి పొర్లి, కీలు పక్కన వైర్లు పోయే సందులోంచి లోపలి అట్ట వెనకగా జారి, ఎవరి కంటా పడకుండా గుంటలోకి దిగిపోతాయి. మూత మూసి ఉన్నంతసేపు డిక్కీ పొడిగానే ఉంటుంది. అతను నీళ్ళకోసం వెతికినప్పుడల్లా మూత మూయించుకునే వెతికాడు.

నేలమీద వెల్లకిలా పడుకుని అంచు కిందికి చూశాడు. మీగడరంగు కారు. కన్నాలు ఉండాల్సిన మూడు చోట్లా అదే రంగులో నున్నగా ఏదో పూసి ఉంది. గోటితో గీరి, వాసన చూశాడు. మైనం. దర్జీలు దారానికి పట్టించే మైనం.

సన్నని శీల తీసి మొదటి కన్నంలో పొడిచాడు. నీళ్ళు ధారగా వచ్చి అతని ఛాతీమీద పడ్డాయి. రెండోది, మూడోది. అక్క బకెట్టు పట్టింది. అది సగానికి నిండింది. కింద రాలిన మైనం ముక్కను ఏరి, అక్క రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తోంది. ముప్ఫై ఆరేళ్ళుగా ఆ మైనం వాసన ఉన్న ఇంట్లోనే ఆమె ఉంటోంది.

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. బావ గోడ పట్టుకుని, ఒక్కో అడుగు వేసుకుంటూ గుమ్మందాకా వచ్చాడు.

"అది నేనే పెట్టానురా."

"ఎప్పుడు బావా?" నెమ్మదిగా అడిగాడు మేస్త్రి.

"వానలు మొదలైనప్పుడు. మీ అక్క నా సంచీ పెట్టడానికి మూత ఎత్తితే చాలు, ఆ కన్నాల్లోంచి టపటపా నెత్తిమీద పడేవి. నెలరోజులు జలుబు వదల్లేదు దానికి. నేనేం చెయ్యగలను దానికోసం? లేచి ఒక గ్లాసు నీళ్ళు ఇవ్వలేను. కన్నం కనపడింది. మూశాను." గుమ్మాన్ని పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "బాగా పెట్టానా?"

"నా కంటికే కనపడలేదు బావా. అంత బాగా పెట్టావు."

"ఆ కన్నాలెందుకు మరి?"

"లోపలికి దిగిన నీళ్ళు బయటికి పోవడానికి."

బావ డిక్కీ మూత వైపు చూశాడు. "అయితే మూతకీ నాకూ ఒకటే రోగమన్నమాట," అన్నాడు. తరవాత సోమవారం సంగతి ఆయనకు తట్టింది. మొహం చూస్తే తెలిసింది. "నా కుర్చీని నేనే పోగొట్టుకున్నానురా."

"చెప్పొచ్చు కదండీ," అంది అక్క. "నెత్తిన నాలుగు చుక్కలు పడితే తుడుచుకుంటాను. కరిగిపోతానా?"

"చెప్తే వద్దంటావు."

"అంటాను. తప్పేముంది?"

"అందుకే చెప్పలేదు."

చుక్క మేస్త్రి ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "తరవాత పోట్లాడుకోండి. నీళ్ళు పోయే దారి దొరికింది, వచ్చే దారి ఇంకా మూయలేదు. పొద్దున్నుంచి మూత ఎత్తి దించడంతో పెట్టె కూడా మళ్ళీ తడిసుంటుంది."

తడిసింది. తాళం తిప్పితే కారు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారి దగ్గనూ లేదు. అక్క తాళంచెయ్యి మీదనుంచి చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుండిపోయింది. పొద్దు వాలుతోంది.

మేస్త్రి పెట్టెను ఊడదీసి మూత విప్పాడు. లోపల నీటిపొర మెరుస్తోంది. అక్క ఇస్త్రీపెట్టె వేడిచేసి, పాత నూలుగుడ్డలు కాచి కాచి అందిస్తుంటే ఆ గుడ్డలతో ఒత్తి ఒత్తి తడి లాగాడు. తరవాత దాన్ని పొడిగుడ్డలో చుట్టి, ఆరిపోతున్న పొయ్యి పక్కన మరీ దగ్గరా కాకుండా మరీ దూరమూ కాకుండా పెట్టారు. ఇక చెయ్యగలిగింది లేదు. అది పలకాలి, లేదా పలకకూడదు. దేవుడి చిత్తం.

నీళ్ళు మూతలోకి దిగే చోటు ఈసారి తొందరగానే దొరికింది. నంబరు ప్లేటు లైటు కింద ఉండే స్పాంజి కుంచించుకుపోయి, ఒకవైపు వేలు దూరేంత సందు పడింది. దానికి బదులు పెట్టడానికి రబ్బరు కావాలి. అప్పటికే రాత్రయింది, దుకాణాలు మూసేశారు. గోడ అవతలనుంచి అంతా వింటున్న పోస్టు మాస్టారు లోపలికి వెళ్ళి, కాసేపటికి సైకిలు ట్యూబు చేత పట్టుకుని వచ్చాడు. ఉద్యోగం మానినా వారం వారం గాలి కొట్టి, తుడిచి పెట్టుకునే సైకిలు అది.

"అయ్యో, దాన్ని ఎందుకు విప్పారు మాస్టారూ?" అంది అక్క.

"నేను ఎక్కుతానా పెడతానా అమ్మాయ్. ఊరికే దాని ముందు నిలబడి చూసుకుంటాను. చక్రం ఉంటే చాలు చూసుకోవడానికి."

మేస్త్రి కత్తి పట్టి ట్యూబు కోయబోయాడు. వేళ్ళు వణికాయి. పొద్దున్నుంచి అన్నం లేదు.

"ఇలా తే," అన్నాడు బావ. "లైటు కూడా తే."

కుర్చీలో కూర్చుని, లైటును రబ్బరు మీద ఆనించి, సుద్దతో దాని చుట్టూ గీశాడు. ఉబ్బిన వేళ్ళు కత్తెర రింగుల్లో దూరలేదు. అక్క సబ్బు రాసి ఒక్కొక్క వేలూ దూర్చింది. ఒకసారి కత్తెర కదిలాక ఇక ఆగలేదు. గీతకు ఒక నూలుపోగు లోపలగా, ఒక్క గంటు లేకుండా, ఒకే వంపులో కోశాడు. కోసి, లైటుకు తొడిగి చూపించాడు. సరిగ్గా సరిపోయింది.

"కుట్టు కూలి వద్దులే," అన్నాడు. మెడ పక్కన నరం కొట్టుకుంటోంది. చెమటకు చొక్కా తడిసిపోయింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు పెట్టెను బిగించి అక్క తాళం తిప్పింది. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారీ లేదు. ఆమె తల స్టీరింగు మీద ఆనించింది. పెదవులు కదిలాయి. మూడోసారి తిప్పితే ఇంజను అందుకుంది. ఎవరూ సంతోషించడానికి సాహసించలేదు.

దారంతా వాన. వెనక సీట్లో మేస్త్రి బావను ఆనించుకుని కూర్చున్నాడు. ఆయన ఊపిరిలో కుండలో నీళ్ళు కదిలినట్టు శబ్దం వస్తోంది. మాటలు ఆగిపోయాయి. ఒక ఎత్తుమీద కారు ఒక్క కుదుపు కుదిపి నెమ్మదించింది. అక్క గేరు తగ్గించి, "నడవమ్మా, నడు" అంది గొడ్డును అదిలించినట్టు. కారు ఇంకోసారి కుదిపి, మెల్లగా ఎత్తు ఎక్కింది. బావ వేళ్ళు బావమరిది ముంజేతిని పట్టుకున్నాయి. పట్టు సడలుతుందేమోనని మేస్త్రి దారి చూడటం మానేసి ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

చేరేసరికి ఆరు గంటల యాభై నిమిషాలు. ఇరవై నిమిషాలు ఆలస్యం. ఆరున్నరకు రానివాళ్ళ కుర్చీ వెనక వరసలో ఉన్నవాళ్ళకు వెళ్ళిపోతుంది. అది అక్కడి నియమం. మేస్త్రి చక్రాల కుర్చీ తోసుకుంటూ పరుగెత్తాడు. గదిలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. బావది కూడా. అందులో నర్సమ్మ కూర్చుని, ఒళ్ళో పలక పెట్టుకుని, ఏవో కాగితాలు రాస్తోంది. వీళ్ళను చూసి తాపీగా లేచింది.

"కూర్చుంటే తప్ప ఈ కుర్చీ నిలవదమ్మా," అంది అక్కతో. "ఇరవై నిమిషాలుగా ఈ ఒక్క కాగితమే రాస్తున్నా. పట్టండి, చెయ్యి అందించండి. ముందు ఆక్సిజన్ పెడదాం."

సూదులు గుచ్చారు. గొట్టాలు ఎర్రబడ్డాయి. డాక్టరు వచ్చి వీపుమీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు. "ఇంకో పూట అయితే చెప్పలేకపోయేవాణ్ణి. ఇవాళ ఎక్కువసేపు ఉంచుతాం. ఎల్లుండి మాత్రం తప్పకూడదు," అన్నాడు.

గంట గడిచాక బావ కళ్ళు తెరిచి, వేలితో బావమరిదిని దగ్గరికి పిలిచాడు. ఆక్సిజన్ ముసుగు కొంచెం జరిపి ఏదో అన్నాడు. మేస్త్రి చెవి వంచాడు.

"వెళ్ళి చూడరా."

మేస్త్రి బయటికి వెళ్ళాడు. వాన ఎక్కడా తగ్గలేదు. కారు వెనక నిలబడి, మూతమీద చెయ్యి పెట్టడానికే భయపడ్డాడు. పెట్టాడు. ఎత్తాడు. అడుగున పరిచిన పట్టా లాగి, గుంటలో అరచెయ్యి ఆనించి, మూలమూలలా తడిమాడు. పెట్టె చుట్టూ తడిమాడు. చెయ్యి తీసి, చొక్కా లోపలి పొడి చోట ఆ అరచేతిని ఆనించి చూసుకున్నాడు, తన చెయ్యే తనకు అబద్ధం చెబుతోందేమోనని. చెయ్యి పొడిగానే ఉంది.

తిరిగి లోపలికి వచ్చేసరికి అక్క నడవలో బల్లమీద కూర్చుని ఉంది. మొహం ఎత్తి చూసింది.

"పొడిగా ఉందక్కా."

ఆమె తల ఊపింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సోమవారం నుంచి ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది. అటుగా పోతున్న తోటి రోగి భార్య ఎవరో ఆగి, ఏమీ అడక్కుండా, ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది. చుక్క మేస్త్రి ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తెరిచిన తలుపులోంచి యంత్రం కనపడుతోంది. దాని తెరమీద బావ ఒంట్లోంచి దిగిన నీళ్ళ లెక్క, ఒక్కొక్క అంకే పెరుగుతోంది.

"ఎల్లుండి కూడా వానేనట," అంది అక్క, కొంగు తీయకుండానే.

"బయల్దేరే ముందు నేనొచ్చి మూత ఎత్తి చూస్తాలే," అన్నాడు మేస్త్రి. "తెల్లవారుజామున మూడింటికే వస్తాను."